ఆ 24 మంది ఎవరి బాధ్యత?

డిప్రెషన్ మీద చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలే వినిపిస్తాయి. సైకియాట్రిస్టులు చాలినంతమంది లేరన్నది ఒకటి, 14416కు ఫోన్ చెయ్యమన్నది రెండోది. 2022లో మొదలైన ఆ టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉండాల్సిందే. కానీ తనకున్నది జబ్బని తెలియని మనిషి ఏ నంబరుకూ ఫోన్ చెయ్యడు. నీరసం, ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టడం లేదు, గుండె దడ అంటూ పీహెచ్‌సీకి వస్తాడు. బి కాంప్లెక్స్ మాత్రలు పట్టుకుని ఇంటికి పోతాడు. డిప్రెషన్ వైద్యం మొదలు కావాల్సింది ఆ ఓపీ గదిలోనే.

ఇది పశ్చిమ గోదావరిలోనే రుజువైన సంగతి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఇక్కడా, హరియాణాలోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో పరీక్షించి చూసింది. మానసిక జబ్బంటే సిగ్గుపడక్కర్లేదని ఊళ్లలో ప్రచారం చేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో డిప్రెషన్ ఉన్నవాళ్లను పీహెచ్‌సీకి పంపారు, తర్వాత కూడా వాళ్ల బాగోగులు కనుక్కుంటూ వచ్చారు. వైద్యం చేసింది పీహెచ్‌సీ డాక్టరే, ట్యాబ్‌లోని సూచనల ఆధారంగా. 2024లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత డిప్రెషన్ నుంచి బయటపడినవాళ్లు నూటికి 74.7. ఈ ఏర్పాటు లేని పీహెచ్‌సీల పరిధిలో 50.6. తేడా నూటికి 24 మంది.

సగం మంది ఎలాగూ కోలుకుంటున్నారు కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, కోలుకుంటున్నారు. నేను అడుగుతున్నది ఆ తేడాలోని 24 మంది గురించి. ఎకరాకు ముందే మక్తా కట్టి వరి మునగ్గొట్టుకున్న కౌలు రైతు అందులో ఉండొచ్చు. కువైట్‌లో ఇళ్ల పని చేసి తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడని కోనసీమ తల్లి ఉండొచ్చు.

ఓపీలో డాక్టరుకు తీరికేదీ, ఆశాలకు ఇప్పటికే మోయలేని పని కదా అంటారు. ఆశాల సంగతి ఒప్పుకుంటాను; ఈ పనికి విడిగా డబ్బివ్వాలి. డాక్టరు తీరిక మాత్రం సాకు. బీపీ, షుగర్‌లతో పాటు ఆశాలు నింపే ఫారంలోనే డిప్రెషన్ గురించి రెండు ప్రశ్నలున్నాయి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్ జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో ఉంది. ఆ మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, నెలల తరబడి వాడాలి. మధ్యలో మానెయ్యకుండా చూసే మనిషి కావాలి, అంతే.

డిప్రెషన్ ఉన్నవాళ్లలో 85 శాతం మందికి వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. సైకియాట్రిస్టులు వచ్చేదాకా ఆగుదామనడమంటే ఈ 85 శాతాన్ని ఇలాగే వదిలెయ్యడం. గోదావరి జిల్లాల కలెక్టర్లు, డీఎంహెచ్‌ఓలు వచ్చే సమీక్షలో పీహెచ్‌సీల వారీగా జవాబు చెప్పాలి: ఆ రెండు ప్రశ్నలు ఎందరిని అడిగారు, ఎందరికి మందు మొదలుపెట్టారు, ఆరు నెలల తర్వాత ఎందరు వాడుతున్నారు? పక్క ఊళ్లో నూటికి 24 మందిని అదనంగా నిలబెట్టిన పద్ధతిని మీ జిల్లాలో ఎంతవరకు అమలు చేస్తున్నారో కూడా చెప్పాలి.