ఆపేదెలాగో చెప్పండయ్యా!

2015లో తెలంగాణ ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద పడ్డారు. దుకాణాలకు 'మందు' సరఫరా ఆగిపోయింది. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు జనంతో నిండిపోయాయి. చేతులు వణుకుతున్నాయి, కంటి మీద కునుకు లేదు, ఫిట్స్ వస్తున్నాయి, లేని మనుషులు కనిపిస్తున్నారు. కొందరు చచ్చిపోయారు కూడా. కల్లు దొరక్క 'వింత ప్రవర్తన' అని పత్రికలు హెడ్డింగులు పెట్టాయి. టీవీల్లో ఆ వణుకునే తిప్పితిప్పి చూపించారు.

వింతేముంది అందులో? ఆ కల్లులో కలిపింది అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నిద్రకనీ గుండెదడకనీ రోజూ చీటీల మీద రాస్తున్న మందులే. ఏళ్ల తరబడి ఒంటికి అలవాటు చేసి టక్కున లాగేస్తే ఏమవుతుందో అదే అయింది. డైజోఫాం వేలియం పేరుతో అంగట్లోకి వచ్చింది 1963లో. దీన్ని రెండు నుంచి నాలుగు వారాలు మించి వాడొద్దని బ్రిటన్ మందుల భద్రతా కమిటీ 1988లోనే చెప్పింది. అల్ప్రాజోలం, డైజోఫాం జాతి మందులన్నిటి మీదా అలవాటు గురించి, ఆపితే వచ్చే ముప్పు గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో ఆదేశించింది. ఇదేమీ రహస్యం కాదు.

ఇప్పుడు చెప్పండి. అల్ప్రాజోలం కల్లులో దొరికితే మాదకద్రవ్యాల చట్టం కింద కేసు. అదే అల్ప్రాజోలం చీటీ మీద ఉంటే 'అవే మందులు కంటిన్యూ చేయండి, మూడు నెలల తర్వాత రండి'. కల్లు కాంపౌండ్ వాళ్లను నేను వెనకేసుకు రావట్లేదు, వాళ్లు చేసింది దుర్మార్గమే. కానీ వాళ్లకు వేసిన సంకెళ్ల గురించి చదివి సంతోషించే మనం, మన ఇంట్లో అలమరలో ఉన్న స్ట్రిప్పు వంక ఎందుకు చూడం?

మా మేనత్త సంగతి చెబుతాను. మామయ్య పోయిన నెలలో ఆవిడకు నిద్ర కరువైంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ పక్కనున్న మనిషి లేకుండా పోతే ఎవరికి పడుతుంది నిద్ర? పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడాయన. ఎందుకు అని అడగలేదు. నిద్రకొకటి, దిగులుకొకటి రాసిచ్చాడు. ఎన్నాళ్లు వాడాలో చెప్పలేదు, ఆపేటప్పుడు ఏం చేయాలో అంతకన్నా చెప్పలేదు. ఏళ్లు గడిచిపోయాయి. డాలస్ నుంచి కొడుకు రోజూ ఫోన్ చేసి "మాత్రలు వేసుకున్నావా అమ్మా" అంటాడు. ఏం తోస్తోంది, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడగడు. ఒక పండక్కి మాత్రలు అయిపోయాయి, షాపు మూసి ఉంది. రెండో రోజుకే ఒళ్లంతా వణుకు, చెమటలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు. పరుగున తీసుకెళితే డాక్టరు అన్నమాట: "చూశారా, జబ్బు ఎలా తిరగబెట్టిందో!" డోసు పెంచాడు.

నిజామాబాద్‌లో ఆ వణుకు వ్యసనమైంది, మా మేనత్త దగ్గరికొచ్చేసరికి జబ్బైంది. రెండు చోట్లా మందు మాత్రం నిర్దోషి.

ఇక్కడే నా కడుపు మండేది. "ఈ మాత్ర వేసుకుంటే బతికున్నట్టు లేదు నాయనా" అంటే జబ్బు లక్షణమంటారు. "మానేస్తాను" అంటే తన జబ్బు తనకు తెలియడం లేదంటారు. ఏడిస్తే డోసు చాల్లేదు, ఊరుకుంటే మందు పనిచేసింది. మోకాలి నొప్పి మందు పడలేదని చెప్పిన రోగి మాట వింటారు కదా? మనసు మందు పడలేదని చెప్పిన మనిషికి సాక్ష్యం చెప్పే అర్హతే లేకుండా పోతుందెందుకు?

నిర్ధారణ సంగతీ అంతే. మన పెద్దలు చావుకు ఏడాది ఇచ్చారు. పెద్దకర్మ అయ్యాక నెలనెలా మాసికం, చివరికి సంవత్సరీకం. ఆ ఏడాదంతా ఇంట్లో పండగ లేదంటే తప్పు పట్టేవాడు లేడు. అమెరికా సైకియాట్రీ సంఘం వారి నిర్ధారణ గ్రంథం పాత కూర్పులో అయినవాళ్లు పోయిన రెండు నెలల దాకా మామూలు దుఃఖాన్ని డిప్రెషన్ ఖాతాలో వేయొద్దని ఒక మినహాయింపు ఉండేది. 2013 కూర్పులో దాన్ని ఎత్తేశారు. ఇక రెండు వారాల దిగులు చాలు, పేరు పెట్టేయొచ్చు. పాత కూర్పుకు సారథ్యం వహించిన అలెన్ ఫ్రాన్సిసే ఇది తప్పని మొత్తుకున్నాడు. విన్నదెవరు? ఈ సంఘమే స్వలింగ ప్రేమను రోగాల పట్టికలో పెట్టుకుని, 1973లో తీసేసి, మరుసటి ఏడాది సభ్యుల చేత ఓట్లు వేయించి మరీ ఖాయం చేసుకుంది. షుగరు ఉందో లేదో ఓటింగు పెట్టి తేల్చడం ఎక్కడైనా విన్నామా?

షుగరంటే గుర్తొచ్చింది. "మెదడులో సెరటోనిన్ తగ్గిందమ్మా, షుగరుకు ఇన్సులిన్ లాంటిదే ఇది" అని ఎందరికి చెప్పి ఉంటారు! లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొవానా మాన్‌క్రీఫ్ బృందం 2022లో దశాబ్దాల పరిశోధనలన్నీ తిరగేసి, డిప్రెషన్‌కు సెరటోనిన్ కొరతే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. దానికి కొందరు పెద్ద సైకియాట్రిస్టుల జవాబు ఏమిటో తెలుసా? అది మాకెప్పుడో తెలుసు, మందు పనిచేయడానికి ఆ సిద్ధాంతంతో పనిలేదు అని. మీకు తెలిస్తే మా మేనత్తకెందుకు చెప్పలేదు?

కంపెనీల నిర్వాకం చెప్పుకుంటే ఒడవదు. పరాక్సెటీన్ అనే డిప్రెషన్ మందును పిల్లల మీద ప్రయోగించిన 329వ నంబరు అధ్యయనం 2001లో 'సురక్షితం, పనిచేస్తుంది' అంటూ అచ్చయింది. 2015లో స్వతంత్ర పరిశోధకులు అవే లెక్కలు మళ్లీ చూస్తే పనిచేయలేదు సరికదా, ఆత్మహత్య ఆలోచనల వంటి హాని పెరిగిందని తేలింది. ఈ మందును పిల్లలకు అంటగట్టడం సహా పలు నేరాలకు గ్లాక్సో కంపెనీ 2012లో అమెరికాలో 300 కోట్ల డాలర్లు కట్టింది. ఆ మొదటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రిక మాత్రం దాన్ని వెంటనే వెనక్కి తీసుకోలేదు.

మందులన్నీ విషమని, అన్నీ మానేయమని నేను అనడం లేదు. తీవ్రమైన ఉన్మాదంలో మునిగిపోతున్న మనిషిని అవి ఒడ్డుకు చేర్చడం చూశాను. మందులొద్దు, తాయెత్తు చాలన్న చోట ఏమైందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. దర్గా పక్కన గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పాక మంటల్లో లేవలేక కాలిపోయారు. ఇది చదివి ఎవరైనా రేపు పొద్దున తమంతట తాము మాత్ర ఆపేస్తే నిజామాబాదే పునరావృతం అవుతుంది. నెమ్మదిగా, విషయం తెలిసిన డాక్టరు కనుసన్నల్లో తగ్గించాలి. ఆ తెలిసిన డాక్టరు ఎక్కడున్నాడన్నదే నా గోడు.

డిప్రెషన్ మందులు ఆపితే వచ్చేది వారం, రెండు వారాల చిన్న ఇబ్బంది అని బ్రిటన్ సైకియాట్రిస్టులూ ఏళ్లపాటు చెప్పారు. బాధితులు పోరితే 2019లో వాళ్ల రాయల్ కాలేజీ మాట మార్చుకుంది. కొందరికి తీవ్రంగా, చాలాకాలం ఉండొచ్చని ఒప్పుకుంది. డోసు తగ్గేకొద్దీ ఇంకా ఇంకా చిన్న మోతాదుల్లో కోయాలని మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అదే ఏడాది లెక్కకట్టి చెప్పారు. హొరోవిట్జ్ స్వయంగా ఆ నరకం పడ్డ వైద్యుడు. మన దగ్గర? మాత్రను చాకుతో సగం కోసుకోవడమే మన శాస్త్రం.

చట్టం లేక కాదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్, జబ్బేమిటో, ఇచ్చే చికిత్స ఏమిటో, దాని దుష్ఫలితాలు ఏమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది. అర్థమయ్యే భాషలో! అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూలు మందు, అమ్మిన ప్రతిసారీ రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పాత స్ట్రిప్పు చూపిస్తే మరో మాట లేకుండా కొత్తది చేతిలో పెట్టే షాపుల్లో ఆ రిజిస్టరు ఎక్కడుందో అధికారులు ఎప్పుడైనా అడిగారా? ఇక 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే అందులో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. మన బాధ లెక్కలోకే రాలేదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు చెప్పి సినిమాల్లో నవ్వుకోవడానికి మాత్రం ఏ సర్వే అక్కర్లేదు.

ఎర్రగడ్డలో, విశాఖ మానసిక వైద్యశాలలో, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట ఓపీ పెట్టండి, కేవలం మందులు తగ్గించుకోవాలనుకునేవాళ్ల కోసం. చిన్న మోతాదుల మాత్రలు, ద్రవ రూపంలో మందులు అక్కడ ఉంచండి. ఎన్ని వారాలకు ఎంత తగ్గించాలో కాగితం మీద రాసివ్వండి. తెలుగులో రాయండి. కింద సంతకం పెట్టి, రాత్రి రెండింటికి వణుకు వస్తే ఎత్తే ఫోన్ నంబరు ఒకటి వేయండి.