రొప్పంతా వేడికేనా?

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి జనం పోటెత్తితే కౌతాళం మండలమంతా సందడే. ఆ హోరుకు మంచం కింద దూరిన బుల్లి పొమరేనియన్‌ను చూసి ‘వేడికి రొప్పుతోందిలే’ అనేస్తాం. ఎండలు మండే ఈ సీమలో ఆ మాట తోసేయలేం. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేదే రొప్పుతో. కానీ నీడా నీళ్లూ ఉండి, పొద్దు వాలి చల్లబడ్డాక కూడా రొప్పు ఆగకుండా, తోక కాళ్ల మధ్య ముడిచి, చెవులు వెనక్కి వాల్చి, నిద్ర వేళ కాకున్నా ఆవలిస్తూ మూతి నాక్కుంటుంటే అది భయమే కావొచ్చు. పైగా మనకు వినపడని చప్పుళ్లూ దానికి వినిపిస్తాయి: మన చెవి 20 వేల హెర్ట్జ్‌ దగ్గర ఆగితే, దాని చెవి సుమారు 45 వేల దాకా వింటుంది. ‘మనుషుల బాధలకే దిక్కులేదు, కుక్క దిగులొకటా?’ అనొచ్చు. కానీ బెదిరిన కుక్క కరిచే ప్రమాదం ఎక్కువ. దాన్ని ఎత్తుకోబోయేది మన పిల్లలే. కాబట్టి మూలకు చేరినదాన్ని బయటికి లాగకండి. రొప్పు తగ్గకపోతే పశువైద్యుడికి చూపించండి.