పెదనాన్న కాంటెస్సా

‘‘ఒరేయ్, ఇంజిన్ నంబరు చూశావా?’’

పొద్దున్నే ఆరింటికి, ఇంకా కాఫీ అయినా పడకముందు ఫోన్లో ఈ మాట వినిపిస్తే మీకెలా ఉంటుంది? నాకూ అలాగే ఉంది. చేసింది మా పెదనాన్న కొడుకు. నాకంటే పదేళ్లు పెద్ద. అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఉంటాడు. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. వాళ్లకప్పుడు రాత్రి. భోంచేసి తీరిగ్గా కూర్చుని నాకు ఫోన్ కొట్టాడన్నమాట.

సంగతేమిటంటే... విశాఖ సీతమ్మధారలోని పెదనాన్న ఇంటిని అపార్టుమెంటుకి ఇచ్చేశారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మంచాలూ బీరువాలూ సర్దేశారు. మిగిలింది వెనక రేకుల షెడ్డులో ఉన్న కాంటెస్సా కారు. పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి చుట్టూ తిరిగి చూసి, చక్రాన్ని కాలితో తన్ని, ముప్పై వేలన్నాడు. పెద్దమ్మ సరేనంది. ఆ మాట డెట్రాయిట్ చేరింది. అంతే, అన్నయ్య అక్కణ్నుంచి గోల.

‘‘అమ్మొద్దని చెప్పు. అది ఒరిజినల్ అయితే ఎంత అరుదో తెలుసా నీకు? ముందు ఆర్సీ బుక్కులో నంబర్లూ బండి మీద నంబర్లూ కలుస్తున్నాయో లేదో చూడు’’ అన్నాడు.

నాకు స్కూటర్ నంబరే గుర్తుండదు. అయినా అన్నయ్య మాట. సరేనన్నాను.

కాంటెస్సా అంటే ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు. తొంభైల్లో తెలుగు సినిమా చూసినవాళ్లకి మాత్రం చెప్పక్కర్లేదు. విలన్ దిగాడంటే కాంటెస్సాలోంచే దిగాలి. పెద్ద పెద్ద ఆఫీసర్లూ, మంత్రులూ, కాంట్రాక్టర్లూ ఎక్కే బండి. పొడుగాటి బానెట్టు, వెడల్పాటి ముఖం, తలుపుల దగ్గర కాస్త సన్నబడి వెనక చక్రాల దగ్గర మళ్లీ ఉబ్బే ఒళ్లు. కూల్‌డ్రింకు సీసాని పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఆ వాలకం చూసే దీన్ని ‘ఇండియా మజిల్ కార్’ అంటుంటారు.

అసలు మజిల్ కార్లు అమెరికావి. 1964లో పోంటియాక్ కంపెనీ జీటీఓ అనే కారు తెచ్చింది. కిటుకు చాలా చిన్నది. మధ్యరకం కారు తీసుకుని, అందులో పెద్దకారు ఇంజిన్ పెట్టెయ్యడమే. ఆ సైజు కారులో అంత పెద్ద ఇంజిన్ పెట్టకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం. అందుకని దాన్ని కొత్త మోడల్ అనకుండా ‘కావాలంటే అదనంగా తీసుకోండి’ అని టెంపెస్ట్ కారు మీద అమ్మారు. 6.4 లీటర్ల ఇంజిన్, 325 హార్స్‌పవర్. మొదటి ఏడే 32,450 అమ్ముడుపోయాయి. తర్వాత అందరూ అదే బాట పట్టారు. 1973లో చమురు సంక్షోభం వచ్చేసరికి ఆ సరదా దాదాపు తీరిపోయింది.

మన కాంటెస్సాకి వాళ్లలో దగ్గర చుట్టం కూడా లేదు. దీని పుట్టిల్లు ఇంగ్లండు. వాక్సాల్ కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్ కారు అక్కడ 1978తో ఆగిపోయింది. ఆ అచ్చులు బెంగాల్‌లోని ఉత్తరపరాకి, అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్‌కి వచ్చాయి. 1984లో కాంటెస్సాగా రోడ్డెక్కింది. ఒళ్లు చూస్తే వస్తాదు. బానెట్టు కింద మాత్రం అంబాసిడర్ ఇంజినే! 1489 సీసీ, 50 హార్స్‌పవర్. జీటీఓలో ఆరో వంతుకీ తక్కువ. టన్నుకి పైబడిన బండిని అది ఈడ్చుకురావాలి. కొన్నాళ్లకి కంపెనీకే జాలేసినట్టుంది. జపాన్ వారి ఇసుజుతో ఒప్పందం చేసుకుని 1.8 లీటర్ల పెట్రోలు ఇంజినూ, అయిదు గేర్లూ ఇచ్చారు. అదే కాంటెస్సా క్లాసిక్. అప్పుడుగానీ దానికి పరుగు రాలేదు.

(అన్నట్టు, మన బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు నుంచే ఓడలకెక్కి జపాన్ వెళ్లేది. అటు రాయి వెళ్తే ఇటు ఇంజిన్ వచ్చిందని పెదనాన్న జోకులేసేవారు. ఆయన పోర్టులో క్లియరింగ్ ఏజెంటు. రాళ్లూ ఓడలూ తప్ప ఇంకో లోకం లేదు.)

చిన్నప్పుడు నేనైతే ఆ కారుని మన స్టీల్‌ప్లాంట్ ఇనుముతోనే చేశారనుకునేవాణ్ని. బళ్లో గొప్పలు కూడా చెప్పాను. పెద్దయ్యాక తెలిసింది, విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలూ తీగచుట్టలూ లాంటివేగానీ కారు ఒంటికి పనికొచ్చే రేకు కాదని. పైగా ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992లో. పెదనాన్న కారు 1990ది.

సరే, ఆదివారం పూట ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లాను. అరవై అయిదు దాటినాయన. ఒకప్పుడు వారానికి రెండు కాంటెస్సాలు విప్పేవాణ్నని దారంతా చెప్పారు. పెద్దమ్మ బీరువా తీసి, ఎల్ఐసీ బాండ్ల కింద నుంచి ఆర్సీ బుక్కు ఇచ్చింది. ఇప్పటి ప్లాస్టిక్ కార్డు కాదు, అసలైన పుస్తకం. ఏపీ 31 నంబరు. తయారీ 1990. ఇంధనం పెట్రోలు. 1817 సీసీ. లోపలి పేజీలో బ్యాంకు అప్పు తీరిపోయినట్టు 1994 నాటి స్టాంపు. ఇంజిన్ నంబరూ, చాసిస్ నంబరూ నీలం సిరాతో.

‘‘ఏటిరా, ఇనప సామానుకి ఇంత హడావిడి’’ అంటూనే పెద్దమ్మ షెడ్డు తాళం తీసింది.

కారు మీద అంగుళం దుమ్ము. 2014లో హుద్‌హుద్ తుపానుకి వేపకొమ్మ విరిగి పడ్డప్పుడు బానెట్టు మీద పడిన సొట్ట అలాగే ఉంది. తలుపుల అడుగున తుప్పు. మన ఊళ్లో పాతకార్లకి మొదటి శత్రువు సముద్రమే. ఉప్పుగాలి రేకుని లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే కరకరమంటుంది. హైదరాబాదులో ముప్పై ఏళ్లు బతికే కారు ఇక్కడ ఇరవైకే మూలపడుతుందని మేస్త్రిగారి లెక్క.

ముందు చాసిస్ నంబరు. మేస్త్రి గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం అంటించి, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దారు. ఆర్టీఓ ఆఫీసులో చేస్తారు చూడండి, అలాగ. నల్లటి కాగితం మీద ఒక్కొక్క అంకే తెల్లగా తేలింది. పుస్తకంలో అంకెలతో సరిపోయింది. నాకు తెలీకుండానే చప్పట్లు కొట్టాను.

తర్వాత బానెట్టు లేపారు. మేస్త్రి లోపలికి ఒంగి, ఓ నిమిషం చూసి, లేచి నడుం పట్టుకున్నారు.

‘‘సార్, ఇది పెట్రోలు బండి కాదు.’’

‘‘పుస్తకంలో పెట్రోలనే ఉంది కదండీ మేస్త్రిగారూ.’’

‘‘పుస్తకంలో ఉంటది. ఇక్కడ కార్బురేటర్ ఏది? ప్లగ్గులేవి? ఇదిగో ఇది డీజిల్ పంపు. ఇది మటడార్ వ్యాన్ ఇంజిన్ సార్.’’

తొంభైల్లో ఇది మామూలే అని ఆయనే చెప్పారు. పెట్రోలు ధరకీ డీజిల్ ధరకీ అప్పట్లో చాలా తేడా. కాంటెస్సా చూస్తే పెట్రోలుని మంచినీళ్లలా తాగేది. అందుకని చాలామంది డీజిల్ ఇంజిన్ వేయించేసేవారు. తీసేసిన ఇసుజు ఇంజిన్‌కీ గిరాకీయే. కొన్నాళ్లకి కంపెనీ దాన్నే అంబాసిడర్‌లోనూ పెట్టడం మొదలెట్టింది. దాంతో పాత అంబాసిడర్ వాళ్లు ఎగబడి కొనుక్కునేవారట. అంబాసిడర్ ఇంజిన్‌తో మొదలైన కారు, చివరికి తన ఇంజిన్ని అంబాసిడర్‌కే ఇచ్చుకుందన్నమాట!

ఇక్కడే ఉంది చిక్కంతా. అమెరికాలో పాతకారు విలువంతా ఈ నంబర్ల మీదే నడుస్తుంది. పోంటియాక్ కార్లకైతే కంపెనీనాటి బిల్లుల నకళ్లు డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. ఏ ఇంజిన్, ఏ రంగు, ఏ డీలరుకి వెళ్లింది అన్నీ ఉంటాయి. 1971 నాటి ప్లిమత్ హెమీ కుడా అనే టాపులేని కారు పదకొండే చేశారు. అందులో ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. ఆనాటి లెక్కన సుమారు 21 కోట్లు. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో పాతకార్ల జాతర జరుగుతుంది. అన్నయ్య ఏటా వెళ్తాడు. పక్కపక్కన నిలబెట్టిన రెండు జీటీఓలు మన కంటికి ఒకేలా ఉంటాయట. పుట్టినప్పటి ఇంజిన్ ఉన్నదాని ధర వేరు, మార్చినదాని ధర వేరు. ఆయనకి ఈ పిచ్చి అక్కడ పట్టింది.

మన దగ్గర అంత లేదుగానీ కాగితం గొడవ మాత్రం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇలాంటి మార్పు చేస్తే రిజిస్ట్రేషన్ అధికారులతో ఆ సంగతి పుస్తకంలో ఎక్కించుకోవాలి. పెదనాన్న ఎక్కించలేదు. కారుకి పదిహేనేళ్లు నిండింది 2005లో. అప్పటికే షెడ్డు చేరింది కాబట్టి రెన్యువల్ ఊసే లేదు. ఇప్పుడు చేయిద్దామంటే, ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి ఫీజు పది వేలు చేశారు. అది కట్టినా ఈ ఇంజిన్‌తో పాసవ్వదు. వింటేజ్ కింద నమోదు చేద్దామా అంటే, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు నిండాలి, ఒరిజినల్‌గా ఉండాలి. కాంటెస్సాల్లో అన్నిటికంటే పెద్దదానికే 2034 దాకా ఆ అర్హత రాదు. మన కారుకైతే 2040. మరీ పాతదీ కాదు, కొత్తదీ కాదు. 2002లో తయారీ ఆగిపోయిన ఈ కార్లు ఒక్కొక్కటే పాత ఇనుములోకి పోతున్నది ఈ మధ్యకాలంలోనే.

ఇదంతా పెద్దమ్మకి చెప్పాలా వద్దా అనుకుంటూ వరండాలోకి వచ్చాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది.

‘‘ఆ ఇంజినా? అది తొంభై అయిదులోనే తీసేశారు కదరా’’ అంది, తల ఎత్తకుండానే.

‘‘పెట్రోలు ఖర్చని తీశారా పెద్దమ్మా?’’

‘‘ఖర్చూ ఉంది. అసలది కాదు. మీ అన్నయ్యకి మద్రాసు వైపు కాలేజీలో సీటొచ్చినేడు అది. ఒక్కసారే కట్టమన్నారు. ఆ ఏడు పోర్టులో బిల్లులు రాలేదు. నా గాజులు తీసిచ్చాను. ఇంకా తక్కువొచ్చింది. పోనీ కారు అమ్మేద్దామండీ అన్నాను. మీ పెదనాన్న ఒప్పుకోలేదు. నేను పోర్టుగేటు దగ్గర కాంటెస్సాలోంచి దిగినన్నాళ్లే అప్పులోళ్లు ఊరుకుంటారు, ఆటోలోంచి దిగితే మర్నాడే గుమ్మంలో ఉంటారు అన్నారు. మంచి ఇంజిన్ ఎవరికో ఇచ్చేసి, ఆ డబడబలాడేది చవగ్గా వేయించారు. పైకి కారు అదే కదా, ఎవరికి తెలుస్తుంది?’’

‘‘అన్నయ్యకి తెలుసా?’’

‘‘ఎందుకు చెప్పడం? చదూకుంటున్న పిల్లాడికి. కారు చప్పుడు మారిందేటమ్మా అని సెలవులకొచ్చినప్పుడు అడిగేడు. సైలెన్సర్ పోయిందన్నాను.’’

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. చాసిస్ కలిసిందన్నాను. సంతోషించాడు. ఇంజిన్ సంగతి చెప్పాను. అయ్యో అన్నాడు. తర్వాత మిగతాది చెప్పాను. లైన్ తెగిపోయిందేమో అనుకుని రెండుసార్లు హలో హలో అన్నాను.

‘‘ఉన్నాన్రా. ఆ మటడార్ ఇంజిన్ నంబరు రాసుకున్నావా?’’ అన్నాడు.

‘‘లేదు. దాంతో ఏం పని?’’

‘‘రాసి పంపు.’’

ముప్పై వేల బేరం తప్పిపోయింది. ఇనుము కొనేవాడు సణిగితే పెద్దమ్మ పాత వాటర్ ట్యాంకూ, రెండు గ్రిల్ తలుపులూ ఇచ్చి పంపేసింది. కారుని లారీ మీదకెక్కించి కొత్తవలసలో మా చిన్నాన్నగారి షెడ్డులో పెట్టాం. సముద్రానికి కాస్త దూరం, అదొక్కటి నయం.

మొన్న మేస్త్రి ఫోన్ చేశారు. అనకాపల్లి దగ్గర ఎవరి దొడ్లోనో ఇసుజు ఇంజిన్ వేయించిన పాత అంబాసిడర్ ఒకటి పడి ఉందట. పెదనాన్న బండిదే అని కాదు, అప్పట్లో అలాంటివి చాలా తిరిగాయి. కానీ ఆర్సీ బుక్కులో పాత ఇంజిన్ నంబరు ఉంది కదా, పోల్చి చూసుకోవచ్చు అన్నారు. అన్నయ్యకి చెబితే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు, మూడుసార్లు ఫోన్ చేశాడు.

వచ్చే ఆదివారం వెళ్తున్నాం. పల్చటి కాగితం, పెన్సిల్ కొని సంచిలో పెట్టాను.