దొరకని డబ్బా, దొరికిన దొంగ

"నాన్నా, మనకి ఆ డబ్బా దొరకలేదు కదా?"

మా ఎనిమిదేళ్ళవాడు పోయిన నవంబర్లో అడిగిన ప్రశ్న ఇది. వాడు మామూలుగానే అడిగాడు. నాకే గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. సంగతేంటో చెప్పాలంటే ముందు నాకున్న ఓ పిచ్చి గురించి చెప్పాలి.

దాని పేరు జియోక్యాషింగ్. పేరులో క్యాష్ ఉంది కదా అని ఆశపడకండి, పైసా రాదు. ఇది మన కంప్యూటర్లవాళ్ళ క్యాష్, అంటే దాచిపెట్టుకునే చోటు. ఎవరో ఒకాయన ఓ డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి పార్కులోనో అడవిలోనో దాస్తాడు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు వెబ్ సైటులో పెడతాడు. మిగతావాళ్ళం ఫోను పట్టుకుని వెతుక్కుంటూ పోతాం. దొరికితే ఆ పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాని ఎక్కడిదక్కడే పెట్టేసి, సైటులో 'దొరికింది' అని రాయాలి. దొరక్కపోతే 'దొరకలేదు' అని రాయాలి. చిన్నప్పుడు వీధిలో ఆడిన దాగుడుమూతలే అనుకోండి. కాకపోతే ఇక్కడ దాక్కునేది డబ్బా, దారి చెప్పేవి ఉపగ్రహాలు.

ఈ ఆట పుట్టుక కూడా భలే ఉంటుంది. జీపీయస్ సంకేతాల్లో మామూలు జనం కోసం కావాలని కలిపే తప్పుని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. అంతకుముందు వంద మీటర్లదాకా ఉండే తేడా రాత్రికి రాత్రి పది, ఇరవై మీటర్లకి దిగింది. మే 3న డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంటు (మన వృత్తివాడే!) ఆరెగన్ రాష్ట్రంలో, పోర్ట్ లాండుకి దగ్గర్లో ఉన్న బీవర్ క్రీక్ ప్రాంతంలో ఒక బకెట్ దాచి, ఇంటర్నెట్టులో ఒక న్యూస్ గ్రూపులో చాటింపు వేశాడు. అందులో పెట్టిన సామాన్లలో ఒక బీన్స్ డబ్బా కూడా ఉంది. ఆయన పెట్టిన షరతు చిన్నది: ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద ముప్ఫై లక్షలకి పైగా డబ్బాలున్నాయి. మొదటిరోజు నుంచీ మారనిది ఆ 'రాయండి' అన్న మాటే.

నేను తప్పింది సరిగ్గా అక్కడే.

అప్పటికి నా లెక్క 99. వందోది పండగలా చేద్దామని మావాణ్ణి తీసుకుని ఊరవతల అడవిదారిలో ఉన్న ఒకదానికి బయల్దేరాం. కష్టం అయిదుకి ఒకటిన్నర, అంటే పిల్లలాట. ఆరెగన్ నవంబరు సంగతి తెలిసిందేగా, పైనుంచి సన్నటి తుంపర, కింద బురద. పెద్ద ఫర్ చెట్టు మొదట్లో వేర్ల మధ్య ఉండాలి. ముప్పావుగంట వెతికాం. చేతులు కొంకర్లు పోయాయి. మావాడు "ఆకలేస్తోంది నాన్నా" అన్నాడు. సరేనని వెనక్కొచ్చేశాం.

ఆ రాత్రి 'దొరకలేదు' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఒకటిన్నర డబ్బా దొరకలేదని రాసుకుంటే పరువేం కావాలి? అక్కడిదాకా వెళ్ళాం, చెట్టు కనిపించింది, డబ్బా ఎలాగూ అక్కడే ఉండి ఉంటుంది... అలా నాకు నేనే సర్దిచెప్పుకుని 'దొరికింది, ధన్యవాదాలు' అని కొట్టేశాను. వంద!

తర్వాతి శనివారం ఒక పెద్దాయన మనవరాల్ని వెంటబెట్టుకుని గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చాడట. వానలో రెండు గంటలు వెతికారట. "పోయినవారమే ఒకాయనకి దొరికిందంటే ఇక్కడే ఉండాలి, మాకే చూడటం రాలేదు, వదలాలనిపించలేదు" అని రాశాడు. అది చదివిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు. ఆ మర్నాడే డబ్బా పెట్టినాయన నుంచి ఉత్తరం: "చివరిగా దొరికింది మీకే కదా, ఏ వైపు పెట్టారో కాస్త గుర్తుచేసుకుంటారా?"

రెండురోజులు జవాబివ్వలేదు. మూడోరోజు మావాడు నా భుజం మీదుగా స్క్రీన్ మీద వంద అంకె చూసి, పైన రాసిన ప్రశ్న అడిగాడు.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఫిజిక్సు ల్యాబ్ గుర్తొచ్చింది. లోలకం ప్రయోగంలో మనందరికీ జి విలువ 980 దగ్గర్లోనే వచ్చేది. ఎందుకు రాదు? ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక్కి కట్టేవాళ్ళం. నిజంగా ఊపి, లెక్కపెట్టి, 940 తెచ్చుకున్నవాణ్ణి అమాయకుడనేవాళ్ళం. ఆ రికార్డు ఎవరూ వాడరు కాబట్టి ఎవరికీ నష్టం లేకపోయింది. కానీ ఆ అలవాటు మాత్రం మనతోపాటే విమానమెక్కింది. పరీక్ష నడపకుండానే 'పాస్' అని టిక్కు పెట్టడం, వారం వారం 'తొంభై శాతం అయిపోయింది' అని చెప్పడం... ఇవన్నీ ఆ 980కి తమ్ముళ్ళే.

"ఇదొక ఆట, దీనికింత రాద్ధాంతమా? డబ్బు పోయిందా, దస్కం పోయిందా?" అంటారు కొందరు. మా ఆవిడ కూడా అదే అంది. నా వాదన దీనికి తలకిందులు. బహుమతి ఉన్న ఆటల్లో కనీసం ఒక అంపైరు ఉంటాడు. ఇందులో అంపైరు లేడు, కప్పు లేదు, చప్పట్లు లేవు. ఉన్నదల్లా ఒకరి మాట నమ్మి ఇంకొకరు అడవిలోకి నడవడం. ఆ మాట కాస్తా పోతే మిగిలేది ప్లాస్టిక్ డబ్బా.

పైగా 'దొరకలేదు' అన్నది ఓటమి కాదు, సమాచారం. వరసగా రెండు మూడు అలా పడితే పెట్టినాయన వెళ్ళి చూసుకుంటాడు. తర్వాతివాళ్ళు ఆగుతారు. నేను రాసిన అబద్ధం ఆ గంట మోగకుండా చేసింది. అంతకుముందు ఎవరికైనా నిజంగా దొరికింది జూన్లోనట. నేను నిజం రాసుంటే ఆ పెద్దాయన ఇంకో డబ్బాకి వెళ్ళేవాడు.

అబద్ధానికి మర్యాదస్తుల్లాంటి చుట్టాలు కూడా ఉన్నారు. దొరక్కపోతే జేబులోంచి కొత్త డబ్బా తీసి అక్కడ పడేసి 'దొరికింది' అనుకోవడం ఒకటి. సాయం చేసినట్టే ఉంటుంది, కానీ పాతది అక్కడే ఉంటే ఇప్పుడు రెండవుతాయి. నలుగురు స్నేహితుల్లో ఒకడు వెళ్ళి నలుగురి పేర్లూ రాయడం ఇంకొకటి. పెన్ను మర్చిపోయినా, పుస్తకం తడిసి ముద్దయినా మాత్రం కంగారక్కర్లేదు. ఫోటో తీసి, జరిగింది జరిగినట్టు పెట్టినాయనకి రాస్తే చాలామంది ఒప్పుకుంటారు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా రెండు మాటలు. మూడువారాల సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడు ఊళ్ళో గుడి వెనకాల ఒకటి దాచేసి రావాలని సరదా పుడుతుంది, నాకూ పుట్టింది. వద్దు. వానకి తడిస్తే ఎవరు మారుస్తారు? దాచడమంటే చూసుకుంటానని మాటివ్వడం. అక్కడే ఉండే మనిషి ఒప్పుకుంటే తప్ప ఆ పని పెట్టుకోకూడదు. రెండోది, ఇక్కడ పార్కింగు లాట్లో పొదలు కెలుకుతుంటే జనం అనుమానంగా చూస్తారు, మన రంగువాళ్ళని ఇంకాస్త ఎక్కువ చూస్తారు. ఎవరైనా అడిగితే, అది పోలీసైనా సరే, తడబడకుండా ఆట గురించి చెప్పి ఫోను చూపించండి. ఇక్కడా నిజమే సులువు.

ఇంతకీ మావాడికి ఏం చెప్పానంటారా? "అవున్రా, దొరకలేదు. నాన్న అబద్ధం రాశాడు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి "మరి మార్చెయ్" అన్నాడు, అదేదో చొక్కా మార్చినంత తేలిగ్గా. మార్చాను. పెట్టినాయనకీ ఉన్నదున్నట్టు రాశాను, ఆ పెద్దాయనకీ క్షమించమని రాశాను. పెట్టినాయన వెళ్ళి చూస్తే డబ్బా ఎప్పుడో పోయిందట. "చెప్పినందుకు థాంక్స్" అని ఒక్క ముక్క వచ్చింది. పెద్దాయన దగ్గర్నుంచి జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కూ నాకు లేదు.

మార్చిలో అక్కడ కొత్త డబ్బా పెట్టారని తెలిసి మళ్ళీ వెళ్ళాం. నమ్మండి, అదీ దొరకలేదు! ఈసారి రాసే పని మావాడికే అప్పజెప్పాను. వాడు రాసింది ఇది: "దొరకలేదు. అరటిపండు రంగులో పెంకులేని పెద్ద నత్త కనిపించింది. మళ్ళీ వస్తాం."

నా లెక్క ప్రస్తుతానికి 99.