కిటికీ లేని గది

ఈమధ్య మా ఊళ్లో పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా నాకొక ప్రశ్న ఎదురవుతోంది. "ఏమండీ మాష్టారూ, ఓడ ఎక్కారటగా! కిటికీ లేని గదిలో రెండు రాత్రులు ఎలా ఉన్నారండీ?" అని. నరసరావుపేటలో ఓడ సంగతి అడిగేవాళ్లుంటారని పదేళ్ల కిందట ఎవరైనా చెప్పివుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. పలనాటివాళ్లకు నీళ్లంటే సాగరు కాలువ. ఓడ అంటే నాగార్జునకొండకు పోయే లాంచి. అలాంటిది, 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి కార్డీలియా ఎంప్రెస్ అనే విహార నౌక వచ్చిందని పత్రికల్లో బొమ్మలు పడ్డప్పటినుంచీ మనబోటి గృహస్థుల ఇళ్లల్లో కూడా సముద్రయానం మాట వినబడుతోంది. ఆశ పుట్టిన మర్నాడే లెక్క పుడుతుంది. లెక్క పుట్టాక మొట్టమొదట ఎగిరిపోయేది కిటికీ.

విహార నౌకల్లో గదులు స్థూలంగా మూడు తరగతులు. వసారా ఉన్నవి, అద్దంలోంచి సముద్రం కనబడేవి, ఏమీ కనబడనివి. భోజనం అందరికీ ఒకటే, ఆటపాటలు ఒకటే, పై డెక్కు మీద గాలీ ఒకటే. తేడా అంతా గోడకున్న రంధ్రంలోనే ఉంది. మా ఇంట్లో కాగితం మీద వేసి చూస్తే, లోపలి గదిలో నలుగురం పోయే సొమ్ముకు సముద్రం కనబడే గదిలో ముగ్గురమే పోగలమని తేలింది. నాలుగో మనిషి మా అమ్మ. డెబ్బయ్యారేళ్లు. గురజాల దగ్గర పల్లెటూళ్లో పుట్టి, మిరపచేల మధ్య పెరిగి, కాశీ, రామేశ్వరం వెళ్లే యోగం లేక, సముద్రమనేది సినిమాలో తప్ప చూడని మనిషి. బాపట్ల సూర్యలంక ఎంతో దూరం లేదు గదా అంటారేమో. దూరం లేని మాట నిజమే. ఆమెకు తీరికే లేకపోయింది.

"కిటికీకి ఇచ్చే డబ్బుతో అత్తయ్యగారు వస్తారు. ఇంకా ఆలోచన దేనికండీ?" అని మా ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది.

అసలు కిటికీ లేని గదులు ఓడలో ఎందుకుంటాయో చూడండి. కంపెనీవాళ్ల పిసినారితనం అనుకునేరు, కాదు. కార్డీలియా ఎంప్రెస్‌నే తీసుకుంటే, అది 1990లో ఫ్రాన్సులోని సేంట్ నజేర్‌లో కట్టిన ఓడ. పొడవు 211 మీటర్లు, వెడల్పు 30 మీటర్ల పైచిలుకు. రెండు పక్కలా అంచు వెంట గదులు వేసి, వాటి వెనక నడవాలు వదిలితే, మధ్యలో వెడల్పాటి పట్టీ ఒకటి మిగులుతుంది. మెట్లూ, లిఫ్టులూ పోను మిగిలిన ఆ చోటును వృథాగా వదలలేరు గదా! అక్కడ కట్టినవే మన గదులు.

మన పెద్దలకు ఈ చిక్కు తెలియనిది కాదు. పెద్ద ఇల్లు కడితే నడిమి గదులు చీకటవుతాయని మండువా వదిలారు. ఆకాశాన్ని ఇంటి మధ్యకు దింపుకున్నారు. ఓడలు కట్టేవాళ్లకు ఈ ఉపాయం తట్టడానికి చాలాకాలం పట్టింది. 1999లో వాయేజర్ ఆఫ్ ది సీస్ అనే ఓడలో నడుమ ఒక బజారువీధి కట్టి, లోపలి గదులు కొన్నిటికి ఆ వీధిలోకి కిటికీలు పెట్టారు. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌లో ఏకంగా ఓడ మధ్య కప్పు తీసేసి, నిజమైన చెట్లతో తోట వేసి, దానివైపుకు వసారాలు పెట్టారు. అచ్చంగా మండువాయే! ఇక 2011 నాటి డిస్నీ డ్రీమ్‌లో లోపలి గదుల గోడలకు గుండ్రటి తెరలు బిగించి, బయటి కెమేరాలకు కనబడే సముద్రాన్ని అందులో చూపించారు. గోడమీద సముద్రం బొమ్మ చూడ్డానికి సముద్రందాకా పోవడమేమిటని నాబోటివాడికి అనిపిస్తుంది. పిల్లలకు మాత్రం ముచ్చటగా ఉంటుందట.

మేము ఎక్కిన ఓడలో తెరా లేదు, తోటా లేదు. నూటముప్ఫయి, నూటనలభై చదరపుటడుగుల గది. కింద రెండు మంచాలు. పైన గోడలోంచి దిగే మరో రెండు మడతమంచాలు. రైల్లో పైబెర్తు ఎక్కిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. నేనూ, మా అమ్మాయీ పైకెక్కాం. స్నానాలగదికి జానెడు ఎత్తున గడప ఉంది. ఓడ ఊగినప్పుడు నీళ్లు గదిలోకి రాకుండా అడ్డన్నమాట. మా అమ్మ దాన్ని చూసి చాలా సంతోషించింది. "గడప ఉందిరా, ఇల్లే ఇది. పసుపు రాయలేదంతే" అంది.

కాని దీపం ఆర్పగానే తెలిసింది అసలు సంగతి. గుత్తికొండ బిలంలో చేతిదీపం ఆరిపోతే ఎలా ఉంటుందో అలాంటి చీకటి. చెయ్యి కళ్లముందు ఆడించుకున్నా కనబడదు. ఇంట్లో ఎంత చీకటిగా ఉన్నా తెల్లవారుజామున కిటికీ సందులోంచి ఒక బూడిదగీత పడుతుంది, కోడి కూస్తుంది, పాలవాడి సైకిలు గంట వినబడుతుంది. ఇక్కడ అర్ధరాత్రికీ, ఆరు గంటలకూ తేడా లేదు. అందుకని లోపలి గది తీసుకునేవాళ్లు చిన్న బెడ్‌లైటు ఒకటి తీసుకువెళ్లండి. లేదా స్నానాలగది దీపం వేసి తలుపు ఓరగా మూయండి.

మొదటి ఉదయం నేను కళ్లు తెరిచేసరికి మా అమ్మ చీకట్లో మంచం మీద కూర్చునివుంది. ఎప్పుడు లేచిందో తెలియదు. "తూర్పెటురా అబ్బాయ్?" అంది.

నేను సమాధానం చెప్పలేకపోయాను. రోజూ లేవగానే తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టకుండా ఆమె ఎవరితోనూ మాట్లాడదు. దీపం పెట్టుకుందామంటే ఓడలో నిప్పు వెలిగించకూడదని ముందురోజే చెప్పారు. తూర్పు అయినా దొరక్కపోతే ఎలా? మా అమ్మాయి ఫోనులో దిక్సూచి తీసింది. ఆ ఇనుపగోడల మధ్య అది గిరగిరా తిరిగి, ఒకసారి స్నానాలగదివైపూ, మరొకసారి బీరువావైపూ చూపించింది. ఇక లాభంలేదని నలుగురం లిఫ్టెక్కి పై డెక్కుకు పోయాం. చెన్నై నుంచి విశాఖకు పోయే ఓడ ఈశాన్యం వైపు నడుస్తుంది గనక, ముక్కువైపు తిరిగి నిలబడితే సూర్యుడు కుడిచేతి పక్కన, కాస్త ముందుకు ఉదయిస్తాడు. ఇంకా చుక్క పొడిచే ఉంది. నీళ్లేవో, ఆకాశమేదో తెలియడంలేదు. మా అమ్మ కటకటాలు పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, పూర్తిగా తెల్లవారేదాకా అలాగే నిలబడింది. ఆమె ఎప్పుడు దణ్ణం పెట్టిందో కూడా నేను చూడలేదు.

ఆ వేళకు డెక్కుమీద ఉన్న పాతికమందినీ పలకరించాను. చాలామంది లోపలి గదులవాళ్లే! వసారా కొనుక్కున్న మారాజులు వసారా తలుపు వేసుకుని నిద్రపోతున్నారు కాబోలు.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు కోరంగి గుర్తుకొచ్చింది. ఇదే బంగాళాఖాతం మీద, కాకినాడ నుంచీ విశాఖ నుంచీ బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో మన తెలుగువాళ్లు వేలాదిగా రంగూను పోయారు. కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో వాళ్లను కోరంగీలన్నారు. వాళ్లకు గదులెక్కడివి? డెక్కుమీద చాప పరుచుకుని, మూటలమీద తలపెట్టుకుని, ఎండొస్తే ఎండలో, వానొస్తే వానలో పోవడమే. మద్రాసు నుంచి పినాంగు, సింగపూరు పోయే రజూలా ఓడ 1926 నుంచి దాదాపు అర్ధశతాబ్ది తిరిగింది. దానిలోనూ ఎక్కువమంది డెక్కు ప్రయాణీకులే. 1942లో జపాను సైన్యం బర్మామీద పడ్డప్పుడు ఆ డెక్కు చోటుకూడా దొరక్క ఎందరో అడవులవెంట నడిచి వచ్చారు, నడవలేక దారిలోనే పోయారు. అప్పట్లో బీదవాడికి ఆకాశం ఉచితం, నాలుగు గోడలు ఖరీదు. ఇప్పుడు గోడలు చవక, ఆకాశం ఖరీదు.

మరి లోపలి గది అందరికీ పనికివస్తుందా అంటే, రాదు. మూసిన గదిలో గుండెదడ పుట్టేవాళ్లు దాని జోలికి పోకూడదు. మంచం దిగలేని పెద్దవాళ్లను తీసుకువెళితే మాత్రం అప్పుచేసైనా కిటికీ కొనండి, ఎందుకంటే వాళ్లకు సముద్రమంతా ఆ కిటికీయే. వారం రోజుల ప్రయాణమైతే నేనైనా మరోసారి ఆలోచిస్తాను. రెండు మూడు రాత్రులకైతే సందేహమే అక్కరలేదు.

గది ఎక్కడున్నదనేది కూడా చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే తూగుబల్లకు కొసలు ఎగిరిపడతాయి గాని నడుమ కదలదు. ఓడా అంతే. కింది అంతస్తులో, పొడవుకు సరిగ్గా మధ్యలో ఉన్న గది అన్నిటికంటే తక్కువ ఊగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరుదాకా నైరుతి గాలులు వీచే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. చెవిలోపల ఉన్న తూకపు యంత్రం కదులుతున్నామంటుంది, కళ్లేమో ఎదుటి గోడ కదలడంలేదంటాయి. ఈ తగాదాయే కడుపులో వికారం. మాత్ర ఉంటే ముందే వేసుకోవాలి. లేకపోతే డెక్కుమీదకు పోయి, నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడాలి. అదీ కుదరకపోతే కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నా కొంత నయమే.

1912లో టైటానిక్ మునిగాక ఓడల భద్రతకు ప్రపంచమంతా నియమాలు పెట్టుకున్నారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగాక వాటిని ఇంకా బిగించారు. ప్రయాణీకులకు తప్పించుకునే దారి చూపించే కవాతు ఓడ కదలకముందో, కదలగానేనో జరగాలి. చాలామంది దీన్ని తంతుగా చూస్తారు. కిటికీలేని గదివాళ్లు అలా చూడకూడదు. మన తలుపునుంచి మెట్లదాకా ఎన్ని తలుపులో చేత్తో తడుముతూ లెక్కపెట్టుకోండి. మా అమ్మాయి లెక్కపెట్టి పదకొండని చెప్పింది. నాయనమ్మ చేతకూడా పదకొండు అనిపించింది.

రెండోరోజు తెల్లవారేసరికి విశాఖ కనబడింది. ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ, దానిమీద దీపస్తంభం. మా అమ్మ అప్పటికే కుడిపక్క తన చోట నిలబడివుంది.

"ఆ కిటికీ గది ఎంతన్నావురా?" అని అడిగింది. చెప్పాను.

కాసేపు వేళ్లు ముడిచి లెక్కవేసుకుని, "అయితే ఈసారి మీ చెల్లెల్ని కూడా తీసుకొద్దాం" అంది.

మా చెల్లెలు ఉండేది మాచర్లలో. దానికి గుంటూరు బస్సే పడదు. సరే, అడిగి చూస్తానన్నాను.