మొద్దు బిడ్డ కాదు, మెట్టు కట్టని బడి

ఓర్వకల్లులో 2021 నుండి విమానాలు దిగుతున్నాయి. 2016లో కర్నూలులో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి స్థలం కేటాయించినదీ ఇక్కడే. సంతోషమే. కాని ఆ విశ్వవిద్యాలయం గడప తొక్కవలసిన బిడ్డ ఐదవ తరగతిలో కూర్చొని, రెండవ తరగతి వాచకంలోని ఒక్క పేరా చదవలేక తల దించుకుంటే, ఆ భవనాలు ఎవరి కొరకు?

ఆ బిడ్డకు బడిలో దక్కే బిరుదు 'మొద్దు'. ఇంట్లో మనమూ దానినే ఖాయం చేస్తాము: "వీడికి చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెడదాం." ఈ తీర్పు మీదనే మన అభ్యంతరం.

2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుని విధులను చెప్పింది. సకాలంలో పాఠ్యాంశాలు పూర్తి చేయడం వాటిలో ఒకటి. ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన మేరకు అదనంగా బోధించడం మరొకటి. తనిఖీకి వచ్చే అధికారి మొదటి దానినే అడుగుతాడు. రెండవది కాగితంలోనే నిద్రిస్తుంది.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. తరగతి మొత్తానికి మంచి బోధన. దానితో అందుకోలేని వారికి చిన్న బృందాలలో రోజూ కొంత సమయం. అప్పటికీ తడబడే ఇద్దరు ముగ్గురికి విడిగా సాయం. 2001-2003 మధ్య వడోదర, ముంబయి నగరాలలో 'ప్రథమ్' సంస్థ వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు స్థానిక యువతుల చేత విడిగా చదివించింది. ఫలితాలను కొలిచిన పరిశోధకులలో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, 2019లో నోబెల్ అందుకున్నారు. అక్షరం, పదం, పేరా, కథ అన్న స్థాయిలను బట్టి బోధించే ఆ పద్ధతి 'టార్ల్' పేరుతో మన రాష్ట్ర ప్రభుత్వ బడులకూ వచ్చింది. అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో క్లిప్, క్లాప్స్ వచ్చాయి, పోయాయి. పేర్లకు మనకెన్నడూ కరువు లేదు.

మన బిడ్డల విషయంలో మరొక ముడి ఉన్నది. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, వాచకంలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. అలాంటి బిడ్డను తెలుగులో మాత్రమే పరీక్షించి 'అక్షర స్థాయి' అని రాసుకుంటే, కొలిచినది చదువునా, భాషా పరిచయాన్నా? ఉర్దూలో కథ చదవగలిగినా, ఆ పట్టికలో అతడు అట్టడుగు వాడే. సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలన్నది ఆ చట్టంలోని 29వ సెక్షన్. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. అయినా చదువు స్థాయిని కొలిచే కాగితం మీదకు ఆ భాష రాకపోతే ఆ హోదాకు విలువేమిటి?

ఈ పద్ధతి మనకు పరాయిదీ కాదు. మక్తబ్‌లో ఇరవై మంది పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఒక్కొక్కరి సబఖ్ వేరు. ఉస్తాద్ ప్రతి బిడ్డ సబఖ్ వేరుగా వింటాడు. ఖాయిదాలో ఆ పుట సాఫీగా వచ్చేవరకు తరువాతి పుట తెరవడు. వయస్సు పన్నెండైనా అలిఫ్ దగ్గర ఉన్నవాడికి అలిఫే. అక్కడ చదివేదాని అర్థం తెలియక పోవడం లోపమే, ఒప్పుకుందాము. కాని ఏ బిడ్డ ఎక్కడ ఆగాడో ఉస్తాద్‌కు తెలుసు. సర్కారు బడి కూడా ఆ మాత్రం తెలుసుకోవాలి.

ఉపాధ్యాయులను నిందించి ప్రయోజనం లేదు. ఒకరిద్దరే ఐదు తరగతులు నడిపే చోట విడి బృందాలు ఎలా సాగుతాయి? ప్రభుత్వం ఉర్దూ పోస్టులు నింపాలి. రోస్టరు కోటాలో అభ్యర్థులు దొరకక మిగిలిన వాటిని డీరిజర్వ్ చేయాలన్నది పాత డిమాండే. దక్కనీ తెలిసిన యువతులను గౌరవ వేతనంతో చదువు సహాయకులుగా తీసుకోవాలి. మసీదు కమిటీలు సాయంత్రం ఒక గంట గది తెరిస్తే చాలు.

తల్లిదండ్రులకు బిడ్డ ప్రగతిని తెలుపవలసిన బాధ్యతను అదే 24వ సెక్షన్ ఉపాధ్యాయుని మీద పెట్టింది. కనుక అమ్మీలూ, అబ్బాలూ, వచ్చే సమావేశంలో మార్కులు అడగకండి. నా బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడు, ఏ భాషలో పరీక్షించారు, గత నెల నుండి ఎన్ని రోజులు విడిగా చదివించారు — ఈ మూడూ అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి.