శనివారం పొలానికా, మందిరానికా?

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటున్నాయి. 1991లో యూదు ప్రార్థనామందిరమూ నెలకొల్పుకున్నాయి.

శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చీకటిపడే వరకు పని చేయరాదన్నది మత నియమం. వీరిలో అధికులు వ్యవసాయ కూలీలు. కోతల కాలంలో పని శనివారమని ఆగదు. మానేస్తే కూలి పోతుంది, వెళితే నియమం తప్పుతుంది.

అంతకంటే గడ్డు చిక్కు కాగితాల్లో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తదుపరి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. యూదులమని రాయించుకుంటే పిల్లల చదువుకు ఆసరా అయిన రిజర్వేషను చేజారుతుంది. పోనీ ఇజ్రాయెల్ ఆదరించిందా అంటే అదీ లేదు. మణిపూర్, మిజోరంల బ్నే మెనాషే వర్గాన్ని 2005లో అక్కడి ప్రధాన మతగురువు గుర్తించారు. కొత్తరెడ్డిపాలెం వారికి అది దక్కలేదు.